చెన్నప్ప నెత్తిన బిందె

1938లో కడప జిల్లాలోని ఒక మిషన్ ఆసుపత్రిలో నర్సుగా పనిచేసేదాన్ని. ఒంటిమిట్ట వైపు నేతగాళ్ళ ఊరి నుంచి చెన్నప్ప అనే అతను నడుము పట్టుకుని వచ్చాడు. డాక్టరమ్మ చూసి 'లంబేగో' అని రాసింది. అంటే నడుము నొప్పే. ఇంగ్లీషులో చెబితే కాస్త గౌరవంగా ఉంటుంది. కసరత్తు చేయించమని నాకు అప్పగించింది.

"మగ్గం గుంటలో దిగలేకుండా ఉండా నర్సమ్మా. నా పెండ్లానికి ఏడో నెల. నేను నేయకుంటే ఇల్లెట్ల జరుగుతాది?" అన్నాడు.

నాకు తెలిసిందల్లా బడిలో నేర్పిన డ్రిల్లు. మోకాళ్ళు వంచకుండా కాలివేళ్ళు ముట్టుకోమన్నాను. పాపం, శ్రద్ధగా చేశాడు. నాలుగో రోజుకు ఎద్దులబండిలో పడుకోబెట్టి తెచ్చారు. సిగ్గుతో చచ్చిపోయాను.

నొప్పి కాస్త తగ్గాక అతని ఇంటికే వెళ్ళాను. గుంటలో కూర్చుని మగ్గం మీదికి వంగి చూపించాడు. అలా వంగితే తలా ఛాతీ బరువంతా నడుము కండరాలే పట్టుకోవాలి. రోజంతా వంగేవాణ్ణి నేను ఇంకా వంగమన్నాను! అంతలో అతని భార్య నాగమ్మ నిండు బిందె నెత్తిన పెట్టుకుని గడప దాటి వచ్చింది. వీపు నిటారుగా ఉంది. బరువు నెత్తిన నిలిస్తే ఎముక మీద ఎముక ఆని మోస్తుంది. బిందె ఒరగకుండా సర్దుకుంటూ నడుము కండరాలు గట్టిపడతాయి.

"చెన్నప్పా, నీకు బిందే మందు" అన్నాను.

"ఆడోళ్ళ మాదిరి నెత్తిన మోయల్నా? ఊరంతా నగుతారమ్మా!"

చివరికి ఇంట్లోనే, తలుపేసుకుని నడవడానికి ఒప్పుకున్నాడు. మొదట ఖాళీ బిందె, తర్వాత కొద్దికొద్దిగా నీళ్ళు. గంటకోసారి గుంటలోంచి లేవాలని కూడా చెప్పాను. నీళ్ళు పోసిన మొదటి రోజే నిలువునా తడిశాడు. నాగమ్మ కొంగు అడ్డం పెట్టుకుని ఒకటే నవ్వు. నెల దాటేసరికి మళ్ళీ మగ్గం ఆడింది.

నాగమ్మ ప్రసవించాక బిడ్డను చూద్దామని వెళ్ళాను. చెన్నప్ప పట్టపగలు నడివీధిలో నిండు బిందె నెత్తిన పెట్టుకుని వస్తున్నాడు.

"ఏమప్పా, ఊరంతా నగరా?"

"నగనీ నర్సమ్మా. బాలింతను బాయికి పంపుతానా?"

ఎంత ముద్దొచ్చాడో! లోపల మంచం మీద నుంచి నాగమ్మ నవ్వుతూనే అంది: "ఇన్నేండ్లు నేను మోసినా. యాడన్నా నొస్తాదా అని ఎవురన్నా అడిగినారా?"

మొగుడి వైద్యం ఆమెను చూసి నేర్చుకున్నాను గాని, ఆమె మీద చెయ్యి వేసి చూడలేదు. మంచం పక్కన కూర్చుని, "ఎక్కడ?" అని అడిగాను. ఆమె చెయ్యి మెడ వెనక్కి పోయింది. నిటారుగా నడిచేవాళ్ళను కూడా అడగాలని నాకు ఆ రోజు తెలిసింది.