తరవాత కలిపిన గది

నా చిన్నప్పుడు చదువూ నేనూ ఒకరి జోలికి ఒకరం పోలేదు. అయినా మలేషియాలో బటాంగ్ బెర్జుంటై దగ్గర మా రబ్బరు తోటలో, వరసగా కట్టిన కూలీ లైన్ల ఇళ్లలో ఎవరికైనా ఇంగ్లీషు ముక్క చదవాలంటే నన్నే పిలిచేవారు. మిగతావాళ్లకు ఆ ముక్క కూడా రాదు. అదీ నా గొప్ప.

ఒకరోజు ఆఫీసులో రాతకోతలు చూసే కిరాణీ మా తలుపుకు కాగితం అంటించి పోయాడు. అందులో 'ఎక్స్‌టెన్షన్' అన్న మాట నాకు కొత్త. వెనకాలే పరిగెత్తి అడిగితే, తోట కంపెనీవాళ్లు కట్టిన ఇంటికి మనం తరవాత కలిపినదని చెప్పాడు. అలాంటివన్నీ వారంలో పీకేయాలట. మా ఇంటి వెనక ఉన్నది మా తాతయ్య సొంతంగా వేసుకున్న రేకుల గది. దగ్గు ముదిరాక, పిల్లలకు అంటకూడదని ఆయన అందులోనే పడుకునేవాడు.

నేను ఎగురుకుంటూ వచ్చి, లైనువాళ్లందరి ముందూ, "తాతా, నువ్వు ఎక్స్‌టెన్షనంట! నిన్ను పీకేస్తారంట!" అన్నాను. అందరూ నవ్వారు. మా అమ్మ నవ్వలేదు.

తాతయ్య కోప్పడలేదు. ఆ మాటకు అర్థం నా చేత రెండుసార్లు చెప్పించుకున్నాడు. తరవాత నా చెయ్యి పట్టుకుని ఇల్లంతా తిప్పాడు. తోటవాళ్లు ఇచ్చింది నాలుగు గోడలు, ఒక తలుపు. కిటికీ ఆయన కోసింది. ఉయ్యాల కొక్కెం ఆయన దిగ్గొట్టింది. గుమ్మం పక్క కరివేపాకు మొక్క నాయనమ్మ నాటింది. చివరికి నా ముందు చతికిలబడి, "ఈ ఇల్లు నలుగురికని ఇచ్చినారు. నువ్వు ఏడోవోడివి. నిన్ను కూడా పీకీమంటావేటిరా, గుంటడా?" అన్నాడు.



మర్నాడు ఆ గదిని ఆయనే విప్పాడు. ఎవరో వచ్చి పీకడం ఆయనకు ఇష్టం లేదు. దగ్గుతూ, ఆగుతూ, మేకులు ఒక్కొక్కటే తీసి, రాతి మీద సాపు చేసి నా చేతికిచ్చాడు. ఆ వానాకాలంలో ఇంటి ముందు వసారాలో గోనెపట్టా అడ్డు కట్టుకుని పడుకున్నాడు. వానలు వెలిసేదాకా ఆయన ఉండలేదు.

ఆ మేకుల డబ్బా ఇంకా నా దగ్గరే ఉంది. వేళాకోళం నోటిదాకా వచ్చినప్పుడల్లా అది ఎవరి నెత్తిన పడుతుందో చూసుకుంటాను. ఈమధ్య ఎక్కువగా నా నెత్తినే వేసుకుంటున్నాను.

మొన్న ఇపో పట్నంలో మా అబ్బాయి వంటగది వెనక నాకో గది వేయించాడు. మంచం చేర్చిన రోజున, ఈ కథ వందసార్లు విన్న మా కోడలితో, "ఆఖరికి నానూ ఎక్స్‌టెన్షన్ అయిపోనానమ్మా" అన్నాను.

తమిళం ఇంట్లో పెరిగిన పిల్ల, తెలుగు వెతుక్కుంటూ, మలేషియావాళ్లు మాట చివర తగిలించే 'లా' తగిలించి అంది: "ఈ ఇంటికి తరవాత వచ్చింది నేను, మావయ్యా. పీకితే ముందు నన్నే లా. మీరు నా ఎనక నిలబడండి."