కొసరు వద్దన్న మనిషి

ఆ రోజుల్లో నాకు లోకం మీద ఉన్నంత జాలి ఇప్పుడు నా మీద నాకే లేదు. కొత్త ఉద్యోగం, కొత్త చెప్పులు, సరిగ్గా రాని మీసం, వీటన్నిటినీ మించి కొత్తగా మొలిచిన మనస్సాక్షి. ఇదంతా ఇప్పుడెందుకంటే, మా అపార్టుమెంటు కుర్రాళ్ళు ‘బాధ్యతగా కొందాం’ అని ఒక సభ పెట్టి, దానికి నన్ను ముఖ్య వక్తను చేశారు. కర్నూల్లో ప్లాస్టిక్ కవరు ముట్టకుండా ఇన్నేళ్ళు గుడ్డసంచితో బజారుకు వెళ్తున్న ఆదర్శమూర్తినట నేను. సంచి సంగతి నిజమే. ఆదర్శం సంగతే సభకు ముందు కాస్త సరిచేయాలి, లేకపోతే మా అత్త ఎక్కడున్నా వచ్చి నా చెవి మెలేస్తుంది.

అప్పుడు నేను మా మేనత్త ఇంట్లో ఉండి ఉద్యోగం చేసేవాణ్ణి. ఆఫీసువాళ్ళు ఏదో శిక్షణకని హైదరాబాదు పంపితే, అక్కడొక పెద్దమనిషి (చల్లటి గదిలో, సీసా నీళ్ళు తాగుతూ) మనం చౌకగా కొన్న ప్రతి వస్తువు వెనకా ఎవరిదో చెమట ఉంటుందని చెప్పాడు. నేను కరిగిపోయాను. బేరమాడను, ప్లాస్టిక్ ముట్టను, ఒకరి కష్టాన్ని ఊరికే తీసుకోను అని మూడు ఒట్లు వేసుకుని, భూమి బొమ్మ ఉన్న గుడ్డసంచి ఒకటి చంకన పెట్టుకుని కర్నూలు బస్సెక్కాను. సరిగ్గా ఆ వారమే అత్తకు మోకాళ్ళు పట్టేశాయి. ఆకుకూరలకు నన్ను ఖాలా దగ్గరికి పంపింది.

ఖాలా అంటే మార్కెట్టు బయట గోనెపట్ట పరుచుకుని ఆకుకూరలమ్మే నడివయసామె. వయసుతో, మతంతో పని లేకుండా ఊరంతా ఆమెను ఖాలా (ఉర్దూలో పిన్ని) అనే పిలిచేది. అత్తకూ ఆమెకూ నా పుట్టుకకు ముందు నుంచీ నడుస్తున్న వ్యవహారం. ఖాలా కావాలనే ఎక్కువ చెప్పేది, అత్త కావాలనే మరీ తక్కువకు అడిగేది, ఇద్దరూ గొంతు చించుకునేవాళ్ళు, చివరికి ఖాలా గుప్పెడు కొత్తిమీర, నాలుగు పచ్చిమిరపకాయలు కొసరు వేసేది. ప్రతి రంజాన్‌కు ఖాలా ఇంటి నుంచి పాలూ సేమ్యాల షీర్ ఖుర్మా డబ్బా వచ్చేది, ఉగాదికి అదే డబ్బాలో బొబ్బట్లు వెళ్ళేవి.

నేను వెళ్ళి, ఆమె చెప్పిన ధర చెప్పినట్టు ఇచ్చేశాను. ఖాలా చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

“ఏమప్పా, బేరమాడవా?”

“తప్పు ఖాలా. ట్రైనింగులో చెప్పారు.”

ఆమె నన్ను జ్వరమొచ్చినవాణ్ణి చూసినట్టు చూసి, కొత్తిమీర తీసి సంచిలో వేసింది. నేను దాన్ని భక్తిగా బయటికి తీసి, గోనెపట్ట మీద పెట్టి, “మీ కష్టం ఊరికే తీసుకోలేను” అన్నాను. వెనకున్న ఆడవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. “పురుగు పట్టినాదేమో లేక్కా, పిల్లోడు చూసినట్టుండాడు” అని ఒకామె పక్క గోనెపట్ట దగ్గరికి జరిగింది, ఆమె వెనకే ఇంకొకామె. ఖాలా ఆ కొత్తిమీరను గోనెపట్ట మూలకు తోసేసింది. నేను మాత్రం ఒక పేదరాలిని దోపిడీ నుంచి కాపాడినంత తేలికగా ఇంటికి నడిచాను. ఆ వారమంతా అలాగే కాపాడాను.

రంజాన్ వచ్చింది. డబ్బా రాలేదు. అత్త పొద్దున్నుంచీ గుమ్మం దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చుంది, గేటు చప్పుడైతే చాలు తల తిప్పేది. సాయంత్రానికి ఆమె మొహం చూస్తే నాకు అన్నం దిగలేదు (రెండోసారి పెట్టుకున్నప్పుడు). పండగ దాటాక, కుంటుకుంటూ నన్ను వెంటబెట్టుకుని మార్కెట్టుకు బయల్దేరింది.

ఖాలా తలెత్తకుండానే అంది: “మా చేతిది మీకు పనికిరాదంట కదక్కా. పిల్లోడు కొత్తిమీర సుద్దా ముట్టల్యా. ఇంగ మా పాలూ సేమ్యాలూ యాడ ముడతారు?”

అలాంటి అర్థం ఒకటుంటుందని మూడు ఒట్లలో ఒక్కదానికీ తట్టలేదు. అత్త నా వైపు తిరిగింది. “ఏం చేసినావురా?” దోపిడీ, శ్రమ, న్యాయమైన ధర అని నేను గొణిగాను.

“దోపిడీనా? ఇన్నేండ్ల నుంచి ఈమె నన్ను దోస్తాంది, నేను ఈమెను దోస్తాండా. మధ్యలో నువ్వెవడివిరా? కూచో. బేరమాడు!”

కూర్చున్నాను. “గోంగూర... కొంచెం తగ్గిస్తారా ఖాలా?”

“అది బేరమా? బ్యాంకులో లోను అడుగుతాండావా?” అంది ఖాలా.

“వాడిపోయినాదని చెప్పురా!” అని అత్త వెనక నుంచి పొడిచింది.

“వాడిపోయింది ఖాలా. అంటే... ఎండకు. మీ తప్పేం లేదు.”

పక్క గోనెపట్టల వాళ్ళు పని మానేసి చూస్తున్నారు. “ఈ పిల్లోడు రోజూ వస్తే నేను మేడ కడతా” అని ఖాలా నవ్వు బిగబట్టింది. “వద్దులే, పోతాండా అని లేచి పోరా” అంది అత్త. నేను నిజంగానే లేచి పోయాను. వెనక్కి పిలుస్తారని మలుపు దాకా నడిచాను. ఎవరూ పిలవలేదు. తిరిగి చూస్తే, అత్త గోనెపట్ట మీదే చతికిలబడి ఉంది, ఖాలా ఆమె మోకాలు నొక్కి చూస్తోంది, ఇద్దరూ నన్ను మరిచేపోయారు.

సిగ్గు లేకుండా తిరిగొచ్చాను. ఖాలా గుప్పెడు కొత్తిమీర తీసి నా చొక్కా జేబులో కుక్కింది. “సంచిలో ఏస్తే మళ్ళా తీస్తావు.” అలాగే ఆఫీసుకు పోయాను. ఆ రోజంతా నా పక్క సీటాయనకు ఆకలేసింది. సాయంత్రం డబ్బా వచ్చింది.

ఇప్పుడు అత్త లేదు. ఖాలా ఉంది, చూపు మందగించింది. మొన్న ఆదివారం ఆమె అలసిపోయినట్టు కనబడితే నాకు నోరు రాక, చెప్పినంతా ఇచ్చేశాను. నోటు తడిమి చూసుకుని, “ఏమప్పా, మళ్ళా ట్రైనింగుకు పోయొచ్చినావా?” అంది. తప్పు తెలుసుకుని, గోంగూర వాడిపోయినాదన్నాను. అది తళతళలాడుతోంది. ఆమె మొహమూ తళతళలాడింది. నన్నూ మా వంశాన్నీ కడుపునిండా తిట్టి, చెయ్యి చాచి నా జేబు కోసం వెతికింది.

సభలో ఇదంతా చెబుతానో లేదో తెలియదు. కానీ భూమి బొమ్మ సంచి చంకన పెట్టుకుని, ఛాతీ విరుచుకుని హైదరాబాదు బస్సు దిగుతున్న ఆ కుర్రాడు ఎప్పుడైనా ఎదురుపడితే మాత్రం, తిట్టను. జేబులో ఇంత కొత్తిమీర కుక్కి, నోరు మూసుకుని ఇంటికి పొమ్మంటాను.