పెరట్లో ఆరు బల్లలు

మా ఆయన బెంగళూరులో ఒక క్లబ్బులో పదహైదేండ్లు బేరర్‌గా పనిచేసినాడు. తెల్ల చొక్కా, నడుముకు ఎర్ర పట్టీ, చేతిలో ట్రే. రెండు మూడు రకాల మందు కలిపి, నిమ్మకాయ పిండి, ఐసుముక్కలేసి గ్లాసులో పోసే విద్య ఆడనే నేర్చుకున్నాడు. చిత్తూరికి తిరిగొచ్చి బస్టాండుకు దగ్గర్లో బారు పెట్టినప్పుడు బోర్డు మీద ‘కాక్‌టెయిల్ బార్’ అని రాయించినాడు. బోర్డు రాసే ఆయప్పకు ఆ మాట తెలియక రెండుసార్లు తప్పు రాసి చెరిపినాడు. వచ్చేవాళ్ళకు గూడా తెలియలేదు. ప్రతి మనిషీ బ్రాందీ అనో బీరు అనో అడిగేవాడే గానీ, మా ఆయన విద్యను అడిగినోళ్ళు ఏడాదికి నలుగురుంటే గొప్ప. అయినా ఆయన దినమూ నిమ్మకాయలు కోసి తడిగుడ్డ కింద పెట్టేవాడు.

నాది వడమాలపేట. ఎనిమిదో తరగతి దాకా చదివినాను. నేను బార్లోకి పొయ్యేదాన్ని కాదు. ఎనకల వంటిల్లు నాది. ఉడకబెట్టిన సెనగలు, తలకాయ కూర, వేయించిన చేపలు, అడిగినోళ్ళకు సంగటి. వంటింటికీ బారుకూ నడాన చిన్న కిటికీ ఉండింది, ప్లేట్లు దాంట్లో నుంచే పోయేవి. పెండ్లిళ్ళలో కనబడిన బంధువులు మీదేమి వ్యాపారమని నన్ను అడిగేవాళ్ళు కారు. అడిగితే నేనేమి చెప్పాల్సొస్తుందో వాళ్ళకూ తెలుసు, నాకూ తెలుసు.

ఆ రోజుల్లో సరిహద్దుకు అవతల, తమిళనాడులో, మందు మీద నిషేధం. గుడియాత్తంలోనో వేలూరులోనో బస్సెక్కితే చిత్తూరు ఎంతో దూరం గాదు. ఆదివారమైతే మొగోళ్ళు మజ్జాన్నానికే గుంపులుగా వచ్చి దిగేవాళ్ళు. మా లైసెన్సులో సాయంత్రం అయిదు నుంచి రాత్రి పది దాకా అని రాసుండింది. వాళ్ళ ఊరికి ఆఖరి బస్సు ఏడింటికి. పన్నెండింటి నుంచి మా గోడ నీడన కూర్చోని కాసుకోనుండేవాళ్ళు. తలుపు తీస్తానే లోపలికి దూరేవాళ్ళు. వీధి వైపు ఒక్క కిటికీ గూడా లేని గది అది. మోకాళ్ళకు మోకాళ్ళు తగులుతా కొందరు కూర్చోని, జాగా లేనోళ్ళు గోడకానుకోని నిలబడి, గ్లాసు ఎత్తింది ఎత్తినట్టు తాగేవాళ్ళు. తినేదానికి టైము ఉండదు. వంటింటి కిటికీలో నేను పెట్టిన ప్లేట్లు అట్లనే చల్లారిపోయేవి.

ఒక ఆదివారం అట్ల తాగి, ఆఖరి బస్సు కోసం పరిగెత్తిన ఒకాయన, గుడియాత్తంలో లుంగీలు నేసే మనిషి, కదిలే బస్సు ఫుట్‌బోర్డు పట్టుకోబోయి జారి పడినాడు. కాలు విరిగింది. ఆసుపత్రిలో కట్టు కట్టించినంక పొయ్యే దోవ లేక మా పంచలోనే పండుకున్నాడు. మర్నాడు ఆయన పెండ్లాం వచ్చింది. నన్ను తిడుతుందని నేను సిద్ధపడి నిలబడినాను. ఆయమ్మ తిట్టలేదు. మొగుని కాలు చూసుకుంది. నేనిచ్చిన కాఫీ తాగింది. పొయ్యేటప్పుడు సగం తమిళం సగం తెలుగులో ఒక మాట అడిగింది.

"తాగొద్దంటే వినే మనిషి గాదక్కా ఈయన. మీరన్నా రొంత సాపాటు పెట్టి, నిమ్మళంగా కూర్చోబెట్టి పంపకూడదా?"

అమ్మొద్దు అనుంటే నాకు కోపమన్నా వచ్చుండేది. ఆయమ్మ అడిగింది చేతనయ్యే పని. అందుకే ఆ మాట నన్ను వదల్లేదు. రెండు మూడు దినాలు పోయినంక మా ఆయనతో చెప్పినాను: మజ్జాన్నం పన్నెండు నుంచి తెరిచేదానికీ, పెరట్లో వేపచెట్టు కింద బల్లలేసుకునేదానికీ పర్మిషన్ అడుగుదామని. అయ్యే పని గాదన్నాడు ఆయన. ఆబ్కారీ ఆఫీసుకు మనం పోయి నిలబడితే ఎవరు పలకరిస్తారన్నాడు. అప్పుడు నాకు ఒక సంగతి అర్థమయింది. కుర్చీలో ఉన్నోళ్ళ పక్కన పదహైదేండ్లు ట్రే పట్టుకోని నిలబడిన మనిషి, ఆ కుర్చీకి ఎదురుగా నిలబడి అడగలేడు. ఆయన తప్పు కాదది. సంతకం ఆయన్ని పెట్టమని, ఆఫీసుకు నేను పోతానన్నాను.

అర్జీ నేనే రాసినాను. నాలుగు కాగితాలు పాడయినాయి. సరిహద్దు దాటి బస్సులో వచ్చేవాళ్ళు తొందరపడి తాగి కిందపడతా ఉండారని, పగటి పూట తెరిస్తే తిని, కూర్చోని, వెలుతురు ఉండగానే ఊరికి పోతారని రాసినాను. ఆఫీసులో గుమాస్తా నన్ను చూస్తానే కుర్చీ చూపించి, జాలిగా అడిగినాడు.

"మీ ఆయన యాడ తాగుతాడమ్మా?"

"తాగడు సార్. అమ్ముతాడు."

మొగుళ్ళ మీద ఫిర్యాదు చేసేదానికి తప్ప ఆ మెట్లు ఎక్కిన ఆడదాన్ని ఆయన చూడలేదంట. అర్జీ తీసుకోని మళ్ళీ రమ్మన్నాడు. మళ్ళీ పోతే ఆఫీసర్ క్యాంపుకు పోయినాడన్నాడు. ఇంకోసారి కాగితం కనబడలేదన్నాడు. నేను ఇంటికి పోయి ఇంకో కాగితం రాసుకొచ్చినాను. ఆ తర్వాత నుంచి సద్ది కట్టుకోని పోయి, వరండాలో బెంచీ మీద కూర్చునేదాన్ని. పొద్దున వంట చేసిపెట్టి పోవడం, సాయంత్రం బారు తెరిచే టైముకు రావడం. దోవలో తెలిసినోళ్ళు ఎవరన్నా అడిగితే ఈసారి దాచకుండా చెప్పినాను, బారు పని మీద ఆబ్కారీ ఆఫీసుకు పోతా ఉండానని. ఒకసారి చెప్పినంక రెండోసారి చెప్పేది అంత కష్టం గాలేదు.

చివరికి ఆఫీసర్ పిలిచినాడు. అర్జీ అంతా చదివినాడు. అడిగింది న్యాయంగానే ఉందిగానీ, మా పెరడు మీదికి తెరుచుకునే పక్కింటి కిటికీ ఒకటుండాదని, ఆ ఇంటి మనిషి ఒప్పుకున్నట్టు రాసిస్తేనే కాగితం ముందుకు పోతుందన్నాడు.

ఆ ఇంట్లో ఉండేది రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. వీధిలో అందరూ పెద్ద టీచరమ్మ అంటారు. మేము బారు పెట్టేటప్పుడు ఆడోళ్ళందరి చేతా సంతకాలు పెట్టించి అడ్డం చెప్పింది ఆయమ్మే. నేను పోయి గడప బయట నిలబడి అడిగినాను. నీ వ్యాపారం నీది, నా సంతకం నాది అని తలుపేసుకుంది. రెండోసారి తలుపే తియ్యలేదు. మూడోసారి పోయినప్పుడు పర్మిషన్ మాట ఎత్తలేదు నేను. కాలు విరిగిన నేతాయన సంగతి, ఆయన పెండ్లాం అడిగిన మాట, ఉన్నదున్నట్టు చెప్పినాను. వచ్చి ఒకసారి కండ్లతో చూడమన్నాను. చూసినాక గూడా వద్దంటే మళ్ళీ ఈ గడప ఎక్కనని చెప్పినాను.

ఆదివారం మజ్జాన్నం ఆయమ్మ గొడుగేసుకోని వచ్చింది. మా గోడ పక్కన కూర్చున్నోళ్ళంతా చుట్టలు, బీడీలు దాచుకోని లేచి నిలబడినారు, ఇస్కూలు పిల్లోళ్ళ మాదిరి. ఎప్పుడు వచ్చినారు, ఎప్పుడు పోతారు, ఏమన్నా తిన్నారా అని వాళ్ళను తమిళంలోనే అడిగింది. తర్వాత నేను తలుపు తీస్తే బారు గది నడుమ నిలబడి చుట్టూ చూసింది.

"గాలి ఎట్ల వస్తాది ఇందులోకి?" అనింది.

రాదని చెప్పినాను. పెరట్లోకి వచ్చి తన కిటికీ కింద చాలాసేపు నిలబడింది. మా ఆయన కుర్చీ తెచ్చేసి, అలవాటుగా పక్కన నిలబడినాడు. ఆయన్ను గూడా కూర్చోమనింది ఆయమ్మ. ఆయన కూర్చోలేదు. అప్పుడు ఒక్కొక్కటీ చెప్పుకుంటా పోయింది. గోడ మనిషి ఎత్తుకు మించి లేపాల. బల్లలు ఆరుకు మించకూడదు, అవి గూడా అవతలి పక్కన. రేడియో పెట్టకూడదు. కూడు లేకుండా పెరట్లో ఎవరికీ మందు పొయ్యకూడదు. సాయంత్రం ఆరుకు పెరడు ఖాళీ కావాల.

"రాత్రి మాత్రం ఒక్క నిమిషం ఎక్కువ అడగొద్దు. అడిగితే మొదటి అడ్డం నేనే."

అవన్నీ నా చేత రాయించుకుంది. రాసిన దాంట్లో రెండు ఒత్తులు తప్పుపోతే అప్పటికప్పుడు దిద్ది, కింద తన ఒప్పుదల రాసి సంతకం చేసింది. ఆఫీసర్ చూసేదానికి వచ్చిన దినం ఆయమ్మ పిలవకుండానే వచ్చి నిలబడింది. అడ్డం చెప్పాల్సింది తానేనని, తానే ఒప్పుకున్నానని, షరతులు తప్పితే మళ్ళీ తానే రాస్తానని చెప్పింది. నెల తిరక్కుండా పర్మిషన్ వచ్చింది.

గోడ లేపినాము. వేపచెట్టు కింద ఆరు బల్లలు పడినాయి. మజ్జాన్నం దిగినోళ్ళు దిగినట్టే వచ్చి కూర్చోని, తిని, కబుర్లు చెప్పుకోని, తూలకుండా బస్సెక్కేవాళ్ళు. నేతాయన కర్ర పట్టుకోని వచ్చినాడు. ఇంకో ఆదివారం పెండ్లాన్ని గూడా తెచ్చినాడు. ఆయమ్మ వంటింట్లో నా పక్కన కూర్చోని ఎర్రగడ్డలు ఒలిచింది. ఇంటి సంగతులు చెప్పుకున్నాము.

కొన్నేండ్లకు సరిహద్దు అవతల నిషేధం ఎత్తేసినారు. వాళ్ళ అంగళ్ళు వాళ్ళకు తెరుచుకున్నాయి. బస్సులు వస్తానే ఉండినాయి, మా కోసం దిగేవాళ్ళు లేరు. బల్లలు మాత్రం ఖాళీగా ఉండలేదు. మజ్జాన్నం తెరిచుండాదని మా ఊరోళ్ళే వచ్చేదానికి మొదలుపెట్టినారు. మా గోడ కట్టిన మేస్త్రీ పని వదిలిపెట్టి వచ్చి కూర్చున్నాడు. మండీలో మూటలు మోసేవాళ్ళు పగటి కూలీ చేతికి రాకముందే వచ్చినారు. ఒక దినం ఒకామె మొగునికి అన్నం క్యారియర్ తీసుకోని పనికాడికి పోయి, ఆడ లేడని మా పెరటి వాకిట్లోకి వచ్చి నిలబడింది. లోపలికి రాలేదు. ఆయప్ప లేచి పొయ్యేదాకా తలొంచుకోని అట్లనే నిలబడింది.

పెద్ద టీచరమ్మ ఏమీ అనలేదు. షరతు ఒక్కటీ తప్పలేదు గదా. నాకే మనసొప్పలేదు. మజ్జాన్నం పర్మిషన్ తిరిగిచ్చేద్దామని మా ఆయనతో అన్నాను. అంతకు ముందు ఆయన నా మీద గొంతు లేపింది లేదు.

"ఎంత తిరిగి తెచ్చుకున్నామో మరిచిపోయినావా?"

"మరిచిపోలేదు. తిరిగింది నేనే."

ఆయన మర్నాడు పొద్దున సంతకం పెట్టిచ్చినాడు. పెరట్లో ఆ టైముకు ఉట్టి భోజనాలు పెడదామని, సంగటి, కూర, మజ్జిగ అని నేనప్పటికే అనుకోనుండినాను. రాబడి తగ్గుతుందని తెలుసు, తగ్గింది గూడా.

ఆఫీసులో కొత్త ఆఫీసర్ ఉండినాడు. కాగితం రెండుసార్లు చదివి, ఇచ్చింది వద్దని రాసుకొచ్చినోళ్ళను చూళ్ళేదమ్మా అన్నాడు. బస్సులో వచ్చేవాళ్ళ కోసమని రాసి అడిగినాను సార్, ఇప్పుడు వాళ్ళు రావడం లేదు అని చెప్పినాను. ఎవరన్నా బలవంతపెట్టినారా అని అడిగినాడు. లేదన్నాను. ఇట్లాంటిది ఏ ఫైల్లో పెట్టాల్నో వాళ్ళకే తెలియలేదు. రేపు రమ్మన్నారు. రేపు రానని, ఇప్పుడే తీసుకోమని చెప్పి బెంచీ మీద కూర్చున్నాను. ముద్ర కొట్టి, తీసుకున్నట్టు రాసిచ్చినంక లేచినాను. మజ్జాన్నం భోజనాలకు ఎసరు పెట్టాల్సిన టైము దాటిపోతా ఉండింది. బిరబిరా నడిచినాను.