లక్ష్మీదేవి కుడికాళ్ళు

మనుషుల్ని ముప్పుతిప్పలు పెట్టినవాళ్ళను మీరు చాలామందిని చూసి ఉంటారు. సాక్షాత్తూ లక్ష్మీదేవిని గుమ్మం నుంచి పూజగది దాకా ఒంటికాలి మీద గెంతించినవాణ్ణి చూశారా? చూడకపోతే ఇప్పుడు చూడండి. నా పేరు శ్రీకాంత్, ఉండేది ఉప్పల్. ఈ కథలో ఒక కొత్త ఇల్లు, ఒక ముహూర్తం, నా పరువు, మూడూ ప్రమాదంలో పడతాయి. మొదటి రెండూ ఎలాగో బయటపడ్డాయి.

అప్పుడు నేను నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో, మల్లేశన్న నడిపే రాళ్ళు కోసే షెడ్డులో కొత్తగా చేరాను. రంపంతో కోసే షెడ్డు కాదు, మాది నీళ్ళ మిషన్. నీళ్ళలో సన్నటి ఎర్ర ఇసుక కలిపి, వెంట్రుకంత ధారగా వదులుతుంది. ఆ ధార కింద మార్బుల్ వెన్నలా తెగుతుంది. తెల్లరాయిలో పువ్వు ఆకారంలో కంత కోసి, అదే ఆకారంలో ఎర్రరాయి ముక్క కోసి అందులో కూర్చోబెడితే నేలమీద పువ్వు పూసినట్టే. కంప్యూటర్లో బొమ్మ గీయడం నా పని. గీసినదాన్ని గీసినట్టు కోయడం మిషన్ పని. మిషన్ ఎన్నడూ తప్పు చేయలేదని ఇక్కడే చెప్పేస్తున్నాను, తర్వాత మీరు దాన్ని అనుమానించకుండా.

ఓ పొద్దున సత్యవతి టీచర్ వచ్చారు. కాకినాడ వైపు మనిషి. ముప్పై ఏళ్ళుగా ఉప్పల్లో ఉంటూ స్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యారు. నాగారంలో సొంతిల్లు కట్టుకున్నారు. చేతిలో మడిచిన కాగితం ఉంది. విప్పితే, బియ్యప్పిండిలో పిడికిలి అద్ది వేసిన రెండు చిన్న పాదాలు.

"లక్ష్మీదేవి పాదాలు బాబూ. గుమ్మం దగ్గర్నుంచి పూజగది దాకా తొమ్మిది అడుగులు కావాలి. ఎవరూ తొక్కకుండా గోడవారగా వస్తాయి."

"ముగ్గేసుకుంటే అయిపోతది గద టీచరమ్మా, రాళ్ళెందుకు?" అన్నాడు మల్లేశన్న. వచ్చిన గిరాకీని వెనక్కి పంపే అలవాటు ఆయనకుంది.

ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "పదకొండు అద్దె ఇళ్ళు మారానండీ. ప్రతి శ్రావణమాసం పిండితో పాదాలు వేసేదాన్ని. ఒక ఓనరు చీమలొస్తాయన్నాడు. ఒక ఓనరమ్మ, మా ఇంట్లోకి రావాల్సిన లక్ష్మిని మీ వాటాలోకి తిప్పుకుంటున్నారా అంది. ఇంకొకావిడ నా కళ్ళముందే తడిగుడ్డ పెట్టి తుడిపించేసింది. ఇప్పుడు నా ఇల్లు. ఎవరూ తుడవలేని పాదాలు కావాలి నాకు."

మల్లేశన్న ఆర్డరు బుక్కు తెరిచాడు. ఈవిడ పని ప్రాణం పెట్టి చేయాలని అక్కడికక్కడే అనుకున్నాను. నా అనుభవంలో నేను ప్రాణం పెట్టి చేసిన పనులే ఎక్కువగా చెడిపోయాయి.

వెళ్తూ వెళ్తూ ఆవిడ గుమ్మంలో ఆగారు. "కుడికాలు ముఖ్యం బాబూ. లోపలికి వచ్చే మొదటి అడుగు కుడికాలే అవ్వాలి. మర్చిపోకు."

"మర్చిపోను టీచర్."

"కుడికాలు."

"కుడికాలు టీచర్."

నోటుబుక్కులో రాసుకుని కింద రెండు గీతలు కూడా గీశాను: కుడికాలు ముఖ్యం.

ఇక చూడండి నా ప్రతాపం. ఆ కాగితం చూసి కంప్యూటర్లో కుడిపాదం గీయడానికి ఒక పూట పట్టింది. మడమ ఒంపు, ఐదు వేళ్ళు, బొటనవేలు కాస్త గుండ్రంగా. గీశాక అది ఎంత ముచ్చటగా వచ్చిందంటే, మళ్ళీ ఇంకొకటి గీయడం దండగనిపించింది. కాపీ కొట్టాను. ఒకటి, రెండు, మూడు, మొత్తం తొమ్మిది. నడిచినట్టు ఉండాలి కదా అని ఒకదాన్ని కాస్త అటు, ఒకదాన్ని కాస్త ఇటు జరిపాను. మిషన్‌కి పంపాను. అది పాపం, చెప్పినట్టు కోసింది.

కోసేటప్పుడు నా ధ్యాసంతా వేళ్ళ మీదే ఉంది. తొమ్మిది పాదాలకు నలభై ఐదు వేళ్ళు. తెగిన వేలు తెగినట్టు మిషన్ కింది తొట్టిలోకి జారిపోయేది. చొక్కా చేతులు మడిచి, బురదనీళ్ళలో భుజం దాకా దింపి వెతికేవాణ్ణి.

"ఏం జేస్తున్నవ్‌రా?" అని అరిచేవాడు మల్లేశన్న.

"అమ్మవారి చిటికెనవేలు దొరుకుతలేదన్నా!"

"దొరికినంక కడుగు. కళ్ళకద్దుకో."

అలా కళ్ళకద్దుకుంటూ నలభై ఐదు వేళ్ళూ అతికించాను. వేళ్ళు లెక్క సరిపోయాయి కాబట్టి కాళ్ళు కూడా సరిపోయాయనే అనుకున్నాను. మల్లేశన్న ఒక పలక ఎత్తి చూసి, "మస్తుగుందిరా" అన్నాడు. ఒక్క పలకే చూశాడు. ఒక్కటే చూస్తే అది నిజంగా మస్తుగానే ఉంది.

గృహప్రవేశం ఇంకా రెండు రోజులుందనగా యాదయ్య మేస్త్రి నాగారంలో పలకలు పరిచాడు. పరిచి నాకు ఫోన్ చేశాడు.

"తమ్మీ, జర నాగారం రా. ఒకటి అడుగుదామనుకుంటున్న."

వెళ్ళాను. తొమ్మిది పాదాలు నిగనిగలాడుతున్నాయి. యాదయ్య నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మవారికి కాళ్ళెన్ని తమ్మీ?"

"రెండు."

"రెండోది ఏది మరి?"

నేను నవ్వబోయి కిందికి చూశాను. బొటనవేళ్ళన్నీ ఒకే పక్క ఉన్నాయి. తొమ్మిదికి తొమ్మిదీ. నవ్వు ఆగిపోయింది.

"కుడికాలు ముఖ్యమన్నది టీచరమ్మ" అన్నాను సన్నగా.

"ముఖ్యమంటే ఎడమది తీసెయ్యమన్నట్టా? మా పిల్ల తొక్కుడుబిళ్ళ ఆడేటప్పుడు గిట్లనే గెంతుతది."

మల్లేశన్నకు ఫోన్ చేసి విషయం చెప్పాను. అవతల మిషన్ మోత టక్కున ఆగిపోయింది. ఫోన్ కట్టయిందేమో అనుకున్నాను.

"అన్నా?"

"ఉన్నరా. ఏడ్వాల్నా నవ్వాల్నా సమజయితలేదు. నాలుగు ఎడమకాళ్ళు కోసి రేపు పెట్టు. ఎల్లుండి పొద్దుగాల ముహూర్తం. టీచరమ్మకు ఒక్క ముక్క తెలిసిందో, నిన్ను గా మిషన్ కింద పండబెడ్త."

నాలుగు కోశాను. ఈసారి బొమ్మను కాగితం మీద అచ్చు తీసి, నా ఎడమకాలు దానిమీద పెట్టి చూసుకుని మరీ కోశాను. అచ్చంగా ఎడమకాళ్ళే. ఇక్కడిదాకా మీరు నన్ను మెచ్చుకోవచ్చు.

మర్నాడు నాగారం వెళ్ళేసరికి యాదయ్య తప్పు పలకలు నాలుగూ పెకిలించి, మంచి పలకల మీద గీతలు పడకుండా అట్టలు కప్పి, చర్లపల్లిలో వేరే పనికి వెళ్ళిపోయాడు. "నేనొచ్చి పెడ్త, నువ్వు ముట్టకు" అని ఫోన్లో చెప్పాడు. కానీ నా తప్పు నేనే దిద్దుకోవాలన్న పౌరుషం పొంగుకొచ్చింది. ముందు గుమ్మానికి రంగు తడిగా ఉంది. పెరటి దారిన వెళ్ళి, పూజగదికి వీపు ఆనించి, వీధి తలుపు వైపు తిరిగి కూర్చున్నాను. చేతిలో కాగితం. కాగితం మీద వేళ్ళు పైకి ఉన్నాయి. పైకి అంటే నాకు ఎదురుగా. ఎదురుగా అంటే తలుపు వైపు. జిగురు రాసి, నాలుగూ బిగించి, పావుగంటలో రాయి రాయీ ఒకటయ్యాక వాటి మీదా అట్టలు కప్పి చేతులు కడుక్కున్నాను. అట్టలు తీసి చూడొచ్చు కదా అంటారా? తుడిచి అప్పజెప్పేటప్పుడు ఒకేసారి తీద్దాం, బాగుంటుంది అనుకున్నాను. బాగుంది.

ముహూర్తం రోజు చుట్టాలంతా దిగారు. కాకినాడ నుంచి అక్కచెల్లెళ్ళు, మల్కాజిగిరి నుంచి రైల్వేలో చేసే ఆడపడుచు కుటుంబం, పంతులుగారు. టీచర్ కొత్త పట్టుచీరలో, చేతిలో దేవుడి పటంతో గుమ్మం బయట నిలబడ్డారు. పక్కన మల్లేశన్న ఇస్త్రీ చొక్కాలో ఉన్నాడు.

"పాదాలు చూపించు బాబూ, వాటిని చూసే లోపలికి అడుగుపెడతాను" అన్నారు టీచర్.

నేను పెళ్ళికొడుకులా లోపలికి వెళ్ళి అట్టలు ఒక్కొక్కటే లాగాను. మొదటి పాదం లోపలికి వస్తోంది. రెండోది బయటికి పోతోంది. మూడోది లోపలికి. నాలుగోది బయటికి. నా చేతిలో అట్ట నా చేతిలోనే ఉండిపోయింది.

ఆడపడుచుగారు ముందు తేరుకున్నారు. "ఏంటి వదినా ఇది, అమ్మవారు వస్తోందా, వెళ్తోందా?"

"కుడికాలు వస్తోంది, ఎడమకాలు వెళ్తోంది" అన్నారు కాకినాడ చెల్లెలుగారు, లెక్కపెట్టి మరీ.

"అలా ఎలా నడుస్తారే?"

"ఏమో, ఈ అబ్బాయిని నడిచి చూపించమనండి!"

నన్ను నిజంగానే నడవమన్నారు. కుడికాలు లోపలికి పెట్టాను. ఎడమకాలు బయటికి తిప్పాను. మళ్ళీ కుడికాలు తేబోయేసరికి మోకాళ్ళు ఒకదానికొకటి అడ్డం తగిలి, మూడో అడుగు మీద చతికిలబడ్డాను. చుట్టాలంతా ఘొల్లుమన్నారు. నవ్వనిది ముగ్గురే. పంతులుగారు ముహూర్తం దాటిపోతోందని గడియారం చూస్తున్నారు. మల్లేశన్న నన్ను చూస్తున్నాడు. టీచర్ పాదాలనే చూస్తున్నారు. ఆవిడ దేవుడి పటాన్ని గుండెకు అదుముకోవడం నాకు కింద నుంచి కనిపించింది. పదకొండు ఇళ్ళలో తుడిచేసినవాళ్ళు ఒక ఎత్తు, సొంతింట్లో వెనక్కి తిప్పినవాణ్ణి నేనొక్కణ్ణే ఒక ఎత్తు. నేల చీలితే బాగుండుననిపించింది. కానీ మేం వేసిన నేల, అంత తేలిగ్గా చీలదు.

"అమ్మా, సగం అడుగులు బయటికి పోవడం శుభం కాదేమో" అన్నారు పంతులుగారు మెల్లగా.

టీచర్ తలెత్తారు. నా వైపు ఒక్కసారి చూశారు. కంటతడితో నేలమీద కూర్చున్న పాతికేళ్ళవాణ్ణి చూస్తే ఆవిడకు ఏ క్లాసు వెనక బెంచీ గుర్తొచ్చిందో తెలియదు.

"శుభం కాకపోవడమేంటండీ?" అన్నారు గట్టిగా, పాఠం చెప్పే గొంతుతో. "కుడికాళ్ళతో లోపలికి వస్తున్నది లక్ష్మీదేవి. ఎడమకాళ్ళతో బయటికి పోతున్నది ఆవిడ అక్కగారు, దరిద్రాన్ని తెచ్చే జ్యేష్ఠాదేవి. చెల్లెలు రావాలంటే అక్క పోవాలి కదా? ఒక్కరినే చెక్కిస్తే సగం మాటే చెప్పినట్టు. ఈ అబ్బాయి పూర్తి మాట చెప్పాడు."

పంతులుగారు ఆలోచించి, "భేష్" అన్నారు. ఆడపడుచుగారు "ఎంత బాగా ఆలోచించావయ్యా!" అని నన్ను చేయిపట్టి లేవదీశారు. టీచర్ కుడికాలు ముందు పెట్టి తన ఇంట్లోకి వచ్చారు. నేను కళ్ళు తుడుచుకుంటున్నానని ఎవరూ గమనించలేదు, మల్లేశన్న తప్ప. ఆయనా అదే పనిలో ఉన్నాడు.

పాలు పొంగాక టీచర్ నన్ను వంటింట్లోకి పిలిచి చెవి మెలిపెట్టారు.

"నీ పేరేంటి?"

"శ్రీకాంత్ టీచర్."

"శ్రీకాంతుడంటే ఎవరు?"

"తెల్వదు టీచర్."

"లక్ష్మీదేవి మొగుడు. పెళ్ళాం వస్తోందో పోతోందో తెలియని మొగుణ్ణి నిన్నే చూశాను."

చెవి వదిలి, చేతిలో పరమాన్నం గిన్నె పెట్టారు.

"వారంలో నాలుగు పలకలు మార్చి పెడతా టీచర్" అన్నాను.

"ముట్టుకుంటే ఊరుకోను. నా పాదాలు ఇన్నాళ్ళూ ఎవరో ఒకరు చెరిపేస్తూనే ఉన్నారు. వంకరైనా టింకరైనా ఇవి నావి. ఇవి ఇలాగే ఉంటాయి."

ఆ పరమాన్నం అంత రుచిగా ఉన్న పరమాన్నం నేను మళ్ళీ తినలేదు.

కథ ఇక్కడితో అయిపోతే నేను మర్యాదగా బయటపడేవాణ్ణే. పదిరోజుల తర్వాత మల్కాజిగిరి ఆడపడుచుగారు షెడ్డుకు వచ్చారు. "మా వదిన ఇంట్లో లాగే, చెల్లెలు వచ్చేది అక్క పోయేది, అచ్చం అదే కావాలి" అన్నారు. మల్లేశన్న మొహం వెలిగిపోయింది. "అదే తప్పు మల్లొకసారి జెయ్‌రా బిడ్డా, నీకు కష్టమా?" అన్నాడు.

నాకేం కష్టం? చేసిన తప్పే కదా! ఐదు కుడికాళ్ళు, నాలుగు ఎడమకాళ్ళు కోసి, ఈసారి షెడ్డులోనే అతికించి, తొమ్మిదడుగులూ ఒకే పట్టీగా బిగించాను. గుమ్మం వైపు కొసను వాళ్ళ గడప ఆకారానికి కోసి, ఆ అంచున ఎర్రరంగుతో గుర్తు పెట్టాను. ఆవిడ చూసుకోవడానికి వచ్చి, గుర్తు దగ్గర నిలబడి, ఒక్కో పాదాన్నీ వేలితో చూపిస్తూ లెక్కపెట్టారు.

"శ్రీకాంత్, కుడికాళ్ళు బయటికి పోతున్నాయేంటి?"

చూశాను. ఎడమకాళ్ళు చక్కగా లోపలికి వస్తున్నాయి. చెల్లెల్ని సాగనంపి, అక్కను హారతిచ్చి లోపలికి పిలిచాను.

"గుర్తు అటు పక్క పెట్టుకోండి అమ్మా" అన్నాను.

"అటు పెడితే గడపకు కోసిన కొస మా పూజగదిలోకి పోతుంది కదయ్యా. మరి ఇల్లు కూడా తిప్పి కడతావా?"

మల్లేశన్న నెత్తిమీద తువ్వాలు కప్పుకుని షెడ్డు వెనక్కి వెళ్ళిపోయాడు. అందుచేత ఈ సభాముఖంగా, నీళ్ళ మిషన్ సాక్షిగా, కుడిచేయి చాచి (ఇది కుడిచేయే, ఇద్దరిని అడిగి నిర్ధారించుకున్నాను) ప్రమాణం చేస్తున్నాను: ఆ తప్పు నా జన్మలో మళ్ళీ చేయను. బుద్ధి వచ్చి కాదండీ. ఎంత ప్రయత్నించినా దాన్ని రెండోసారి సరిగ్గా చేయడం నాకు చేతకాలేదు.