మెయిన్ తీశాక కూడా వెలిగిన లైటు

2022 వర్షాకాలం. పాలకొల్లు దగ్గర రొయ్యల చెరువుల గట్ల మీద మేం పెట్టెలు బిగించి కొన్ని నెలలైంది. నీటిలో ఆక్సిజన్ తగ్గితే రైతుకు ఫోన్ చేయడం వాటి పని. లోపల అరచేతిలో పట్టే కంప్యూటర్, దానికో మెమరీ కార్డు ఉంటాయి. కార్డులో ఏదైనా రాస్తుండగా కరెంటు పోతే ఒక్కోసారి కార్డంతా పాడై, పెట్టె మళ్లీ పనిచేయదు. అందుకే ముందు బటన్ నొక్కి షట్‌డౌన్ చేయాలి.

సత్యవతి గారి చెరువు దగ్గర పెట్టె తరచూ పాడయ్యేది. ఒకరోజు తెల్లవారేసరికి ఆక్సిజన్ పడిపోయినా ఫోన్ మోగలేదు. మేత వేయడానికి వెళ్లిన ఆవిడ, రొయ్యలు గట్టువారకు చేరి పైకి తేలడం చూసి, నీటిని చిలికే ఏరియేటర్లన్నీ వేశారు. చాలావరకు బతికాయి.

నేను వెళ్లి చూస్తే కార్డు పోయింది.

"మెయిన్ తీసేస్తున్నారా అండి?"

"తీస్తామండి. ఏరియేటర్ రెక్కలకు పట్టిన నాచు తియ్యడానికి నీళ్లలో దిగాలి కదా."

"ముందు బటన్ నొక్కి, ఒక్క నిమిషం ఆగి తీస్తే..."

ఆవిడ గొంతు పెంచలేదు. "మా మరిది ఇక్కడే కరెంటు కొట్టి పోయాడండి. వైరు తెగి నీళ్లలో పడింది. అప్పట్నుంచి ఏదున్నా ముందు మెయిన్ తియ్యడమే. మీ పెట్టె కోసం ఆగమంటారా?"

పాడైన పెట్టె విప్పి వెంట తీసుకెళ్లాను.

రాజమండ్రిలో మా ఆఫీసుకు వచ్చి పెట్టెనే మార్చాను. కొద్ది క్షణాలకు సరిపడా కరెంటు దాచుకునే సూపర్ కెపాసిటర్ పెట్టాను. మెయిన్ పోయిన సంగతి కంప్యూటర్‌కు వెంటనే తెలిసి, ఆలోపు రాత ముగించుకుని తనంతట తానే ఆగుతుంది. పదేపదే కరెంటు తీసి చూశాను. ప్రతిసారీ తిరిగి పనిచేసింది.

చెరువు దగ్గర బిగించాక ఆవిడే మెయిన్ తీశారు. నీళ్ల వైపు అడుగేసి, ఆగిపోయారు.

"కరెంటు తీశాక లైటు వెలుగుతుందేంటండి?"

"అది పెట్టె మీది లైటేనండి. టార్చిలైటు సెల్లుపాటి కరెంటే. ఏం కాదు."

"మీకు తెలుసు. నీళ్లలో ఉన్నవాడికి ఎలా తెలుస్తుందండి?"

ఈలోగా లైటు ఆరిపోయింది. అయినా పెట్టె విప్పి తీసేదాకా ఆవిడ ఎవరినీ దిగనివ్వలేదు.

తర్వాతి వారం పెట్టె మీది లైటు తీసేశాను. ఏరియేటర్ల లైనుకే నేరుగా ఎర్ర దీపం ఒకటి పెట్టాను, నీళ్లలోంచి కనబడేంత ఎత్తులో. ఆవిడ మెయిన్ తీశారు. దీపం ఆ క్షణమే ఆరింది. లోపల కంప్యూటర్ ఇంకా తన పని ముగించుకుంటూ ఉందని గట్టు మీద ఎవరికీ తెలియలేదు. ఆవిడ చీర కుచ్చెళ్లు ఎగదోపుకుని నీళ్లలోకి దిగారు.

అలా కరెంటు లాగేసేవాళ్ల గురించి మా ఆఫీసులో 'వాడకం తెలియదు' అనడం మామూలే. సత్యవతి గారికి వాడకం తెలుసు. ఆవిడ ముందు మనిషిని చూసుకున్నారు. యంత్రం సంగతి చూసుకోవాల్సింది మేము.