ఉపవాసమున్న పొగడచెట్టు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది వేసవి. ముత్తుకూరు దగ్గర లారీల రోడ్డు వెడల్పు చేస్తున్నారు. పెద్ద చెట్లను పెకలించి మరోచోట నాటడం నా వృత్తి, ట్రాన్స్‌ప్లాంటింగ్ అంటారు. ఈసారి నాకు అప్పగించింది రోడ్డంచున ఉన్న పొగడను. దాని నీడ ఎంత చిక్కనిదంటే, మా క్రేన్ ఎండకు తాళలేక డ్రైవర్‌ను అడగకుండానే దాని కిందికి వచ్చి నిలబడింది.

ఆ నీడలో మరియమ్మక్క ఇడ్లీ బండి ఉండేది. లారీవాళ్లు ఆగేది నీడ కోసమేనని ఆమెకూ తెలుసు. "ఎండలో నిలబడి తినేదానికి ఇడ్లీ ఏమన్నా ఐస్‌క్రీమా? చెట్టు పోతే నా బండీ పోయినట్టేనన్నా" అంది.

పక్కనే ఉన్న చర్చి పాస్టరుగారు గేటు దగ్గర చోటిచ్చారు. వేళ్ల చుట్టూ మట్టిముద్ద చెదరకుండా గోనెపట్టాతో బిగించి నాటాం. ఆ ముద్దను రూట్ బాల్ అంటాం. మరియమ్మక్క బండి కూడా చెట్టు వెంటే గేటు పక్కకు చేరింది.

కొన్నాళ్లకు ఆమె ఫోన్ చేసింది. "చెట్టును నాటినావా, పూడ్చినావా? ఆకులన్నీ రాలిపోతా ఉండాయి."

వెళ్లి చూస్తే పాదు మడుగైంది, మట్టి కుళ్లు వాసన కొడుతోంది. చెట్టు బతకాలని ప్రార్థనకొచ్చే ప్రతి కుటుంబమూ ఒక బిందెడు కుమ్మరించి పోతోందట. వేళ్లకు గాలి ఆడటం లేదు. నీళ్లొద్దన్నాను. అందరూ తలూపారు. నేను బండెక్కేలోపే ఒక ముసలామె చాటుగా చెంబుడు పోసింది.

ఇక నా సొంత వైద్యానికి దిగాను. ఆదివారం ప్రార్థన ముగిశాక, చోటు మారిన పెద్దచెట్టు ఉపవాసం ఉంటుందనీ, అప్పుడు నీళ్లు పోస్తే ఆ ఉపవాసం చెడగొట్టినట్టేననీ అందరికీ చెప్పాను. కోట అనే ఊళ్లో ఒక వేప నలభై రోజులు అట్లా ఉండి లేచిందని కూడా కలిపాను. ఆ వేపను నేనూ చూడలేదు. పాస్టరుగారు పొలం పనులు ఎరిగిన మనిషి. నన్ను తేరిపార చూసేసరికి నా గుట్టు రట్టయిందనుకున్నాను.

"అయితే దాన్నొక్కదాన్నే వదిలేది దేనికి? మనమూ వంతులేసుకుని ఉందాం" అన్నారాయన.

బిందెలు ఆగాయి. నేను కాలువ తీసి మడుగు ఎండగట్టాను. కానీ ఊరు ఉపవాసం పట్టేసరికి మరియమ్మక్క ఇడ్లీలు మిగిలిపోయాయి. "చెట్టు లేచేలోపల నన్ను పడుకోబెట్టేటట్టుండావే" అని మిగిలినవన్నీ నా చేతే తినిపించింది.

వానలకు ముందే కొమ్మలకు చిగుళ్లు వచ్చాయి. ఆ రోజు ఫోన్‌లో మరియమ్మక్క "లేచిందన్నా" అంది, అంతే.

ప్రేమ ఉన్నచోట 'వద్దు' అనే మాట పనిచేయదు, ఆ ప్రేమకు వేరే పని చూపించాలి. ఇన్నేళ్ల పనిలో నాకు తట్టని ఈ సంగతి పాస్టరుగారు ఒక్క మాటతో నేర్పారు. ఆయనకు రుణపడి ఉన్నాను.

మొన్న అటు పోతూ ఆగాను. పొగడ నీడ ఇంకా ఒక మనిషికి సరిపడా మాత్రమే పడుతోంది. మరియమ్మక్క తన స్టూలు నాకిచ్చి, తాను ఎండలోకి జరిగి ఇడ్లీ పెట్టింది.