హ్యామ్‌కి నలుగు పెట్టిన రోజు

పొయ్యి వెలిగించకుండా కొంప ముంచడం ఎలాగో తెలుసుకోవాలంటే నన్నడగండి. ఎనభైల మొదట్లో, శాంటా క్లారాలో నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో జరిగిన ఘనకార్యం ఇది.

మా ఆఫీసులో అందరూ తలా ఒకటి వండి తెచ్చి పంచుకు తినే విందులు జరిగేవి. రెండుసార్లు పులిహోర పట్టుకెళ్లాను. రెండుసార్లూ వెళ్లింది వెళ్లినట్టే ఇంటికొచ్చింది. మూడో విందు మా మేనేజరు బార్బరా ఇంట్లో. ఈసారి నేను తీసుకెళ్లింది ఖాళీ కాకపోతే నా పేరు సువార్త కాదని శపథం చేశాను.

పత్రికలో ఒక వంటకం దొరికింది. నిజానికి వండేదేమీ లేదు. జంతికల్లా కరకరలాడే పొడవాటి బ్రెడ్‌స్టిక్స్‌కి హ్యామ్‌ను, అంటే ఉప్పులో ఊరబెట్టి ఆరబెట్టిన పందిమాంసం పల్చటి ముక్కల్ని, రిబ్బనులా చుట్టి, గ్లాసుల్లో నిలబెట్టడమే. బొమ్మ చూస్తే కళ్లు తిప్పుకోలేం!

తీరా ప్యాకెట్ విప్పితే హ్యామ్ ఎర్రగా, పచ్చిగా ఉంది. మాంసాన్ని కడగకుండా మనుషులకు పెట్టడమా? మీరైతే పెడతారా? మా అమ్మ మూడు నీళ్లు పోసి కడిగితే గానీ కోడిని పొయ్యి దగ్గరికి రానిచ్చేది కాదు. గిన్నెలో నీళ్లు పోసి, గుప్పెడు ఉప్పు, రెండు చెంచాల పసుపు వేశాను.

"అది రెడీ టు ఈటే! ప్యాకెట్ మీద రాశాడు, చూడు," అన్నారు మా ఆయన.

"రాశాడు సరే, కడిగాడా? మీరు చూశారా?"

"కడిగితే టేస్ట్ పోతుందే!"

"పోతే కారం చల్లుతాను. మీరు తప్పుకోండి, టైమ్ అయిపోతోంది."

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఇంట్లో గెలిచే ఓపిక లేక నేను నేరుగా రచ్చకే బయల్దేరాను. మూడో నీళ్లకి హ్యామ్ తడిసిన కాగితంలా చిరిగింది. అయినా వదల్లేదు, చిరుగు మీద చిరుగు అతికించి చుట్టి, పైన కారం చల్లాను. కడిగిన ముత్యమంటారు గానీ, నాది కడిగినకొద్దీ పసుపుకొమ్మైంది.

"వావ్, వాట్ ఎ కలర్!" అంది బార్బరా, తలుపు తీస్తూనే.

"ఇండియన్ స్టైల్," అన్నాను తలెత్తుకుని.

ఒకాయన కొరికి, "స్పైసీ!" అని ఇంకోటి తీశాడు. అంతే, జనం మూగారు. పావుగంటలో గ్లాసులన్నీ ఖాళీ! ఆనందంతో నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

"సువార్తా, సోఫా చూడు," అన్నారు మా ఆయన మెల్లగా.

తెల్ల సోఫా. దాని నిండా అయిదేసి పసుపు వేళ్లు. బార్బరా తడిగుడ్డతో రుద్దేకొద్దీ అవి అరచేతులవుతున్నాయి.

"ఇది పోతుందా?" అంది ఏడుపు గొంతుతో.

"పోతుంది. ఎండలో పెట్టాలి," అన్నాను. అబద్ధం కాదు, పసుపు మరక ఎండకే వెలిసిపోతుంది.

మర్నాడు ఆదివారం. చర్చి మానేసి, మా ఆయనా బార్బరా భర్తా సోఫాను వాళ్ల ఇంటిముందు పచ్చికలోకి మోశారు. అమెరికాలో ఇంటిముందు సామాను కనిపిస్తే అమ్మకానికి పెట్టారనే అర్థమట. కార్లు ఆగడం మొదలైంది. సాయంత్రం దాకా ఎండలో గొడుగేసుకుని నిలబడి, "నాట్ ఫర్ సేల్" అని చెప్పే డ్యూటీ నాది.

ఆఖరికి ఒక ముసలాయన సోఫా అంతా పరకాయించి, "ఈ చేతుల డిజైన్ బాగుంది, ఎవరు వేశారు?" అని అడిగాడు.

ఆ పచ్చిక సాక్షిగా ప్రమాణం చేశాను: ఈ జన్మలో ఇంకెప్పుడూ హ్యామ్‌ను కడగను. ప్రాణం ఒప్పక కడిగినా, తెల్ల సోఫా ఉన్న గడప మాత్రం తొక్కను.